ఎడమవైపు కుర్చీ

జూన్ 3

ఒరే గడియారాల డాక్టరూ,

నీకూ, మరదలికీ మీ అక్క ఆశీస్సులు. ముందు కూర్చో. కూర్చున్నావా? కంటికున్న ఆ భూతద్దం తీసి చదువు. రెండు కబుర్లున్నాయి, ఒకదాన్ని మించి ఒకటి. ఏది ముందు రాయాలో తేలక పొద్దున్నుంచీ పెన్ను పట్టుకుని గదిలో పచార్లు చేస్తున్నాను.

మా నాటక సమాజం మళ్ళీ లేస్తోంది! అవునురా, నీ మీద ఒట్టు. మా పాత హాలు పడగొట్టి కొత్తది కడతారట. పడగొట్టే ముందు ఆఖరిసారి ఒక ప్రదర్శన ఇమ్మని మమ్మల్ని పిలిచారు. ఏ నాటకమనుకున్నావ్? మన 'సరంగు' నాటకమే! మీ బావ మళ్ళీ ఓడ నడిపే ముసలి సరంగు. అప్పట్లో ముసలివాడిలా కనపడటానికి ఆయన జుట్టుకి తెల్ల పౌడరు కొట్టేవాళ్ళం, ఇప్పుడా శ్రమ లేదు. నేను మళ్ళీ ఎడమ వింగ్‌లో, నా పాత చెక్క కుర్చీలో, నాటకం పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ప్రాంప్టింగ్. ఆగస్టు మూడో వారం, మధ్యాహ్నం ఆట. కబురు వినగానే ఈ వయసులో ఎగిరి గంతేశాను. వయసు సంగతి మోకాలు వెంటనే గుర్తుచేసిందనుకో.

చిన్నప్పుడు నువ్వు వింగ్‌లో నా పక్కన కూర్చుని, "అక్కా, అందరూ పనిచేస్తున్నారు, నువ్వొక్కదానివే ఊరికే కూర్చున్నావు" అనేవాడివి, జ్ఞాపకముందా? ప్రాంప్టర్ పనంటేనే ఊరికే కూర్చోవడంరా. నటుడు ఆగితే అది మరుపో నటనో కనిపెట్టాలి. మరుపైతేనే మాట అందించాలి. అది జనానికి వినపడకూడదు, నా పెదవి కదిలినట్టు కూడా తెలియకూడదు. తొందరపడి అందించామా, నటుడి కొంప ముంచినట్టే. మీ బావ ప్రతి పెద్ద డైలాగు ముందూ ఎడమవైపు ఒక చూపు చూసేవారు. "అబ్బ, ఏం ఠీవి!" అనేవాళ్ళు జనం. ఠీవీ లేదు, పాడూ లేదు, నేనున్నానో లేదోనని చూసుకోవడం.

ఇక రెండో కబురు. మా వీధి చివరి క్లినిక్‌లో పెద్దవాళ్ళ చేత వీడియో గేములు ఆడిస్తున్నారు! నవ్వకు. జ్ఞాపకశక్తి ఎలా ఉందో చూడటానికట. ఒక్కసారి డాక్టరు ముందు కూర్చోబెట్టి ప్రశ్నలడిగితే, నిద్ర చాలకో భయం వేసో తప్పులు పోతాయి కదా. అదే ఇంట్లో రోజూ కాసేపు ఆడుకుంటుంటే, ఎవరికి వారికి వారం వారం తేడా ఏమైనా వస్తోందా అన్నది ముందుగా పసిగట్టొచ్చేమోనని వాళ్ళు పరిశోధన చేస్తున్నారు. ఆట జబ్బు పేరు చెప్పదు. తేడా కనపడితే డాక్టర్ని కలవమంటుంది, అంతే. ఆ పని చూసే అమ్మాయికి మేం 'ఆటల డాక్టరమ్మ' అని పేరు పెట్టుకున్నాం. మా ఇద్దరికీ చెరొక ట్యాబ్ ఇచ్చింది. అందులో ఒక కుందేలు, దాని ముందు చెరువు, చెరువులో రాళ్ళు. రాళ్ళు ఒక వరసలో మెరుస్తాయి, మనం అదే వరసలో ముట్టుకుంటే కుందేలు గెంతుకుంటూ అవతలి గట్టుకి పోతుంది. ఇంకోటి దుకాణం ఆట. కొనాల్సిన సామాను ఒకసారి చూపించి దాచేస్తారు, కాసేపయ్యాక మనం గుర్తుపెట్టుకుని బుట్టలో వెయ్యాలి. ఇంకోటి ముఖాలు చూసి పేర్లు చెప్పడం.

ఎవరి ఆట వాళ్ళే ఒంటరిగా కూర్చుని ఆడాలని ఆ అమ్మాయి చెప్పింది. నాకు మీ బావ ఆట చూడకపోతే తోచదు. అందుకని ఎడమపక్క కుర్చీ వేసుకుని కూర్చుంటాను, నోరు మాత్రం మెదపను. మొదటి వారం ఆయనకు నూటికి తొంభై పైన! డెబ్బై నాలుగేళ్ళ మనిషికి! ఆటల డాక్టరమ్మ నోరెళ్ళబెట్టింది.

మీ ఊళ్ళో కూడా ఇస్తున్నారటగా? చేరు. మీ బావ మీద గెలవగలవేమో చూద్దాం.

గెంతుతున్న
మీ అక్క


జూన్ 14

అక్కకు నమస్కారాలు, బావకు సవాలు.

చేరాను. చేరి తీరాల్సిన పరిస్థితి కల్పించావు. నీ ఉత్తరం మీ మరదలు పైకి చదివింది, "అన్నయ్యగారికి తొంభై అట, మీకు నిన్న తాళంచెవి ఎక్కడ పెట్టారో తెలియలేదు" అని ఒక చురక అంటించింది. ఇక ఆగుతానా?

మొదటి రోజే వాళ్ళతో గొడవపడ్డాను. మాకిచ్చిన ఆటల్లో గడియారం ఆట ఉంది. చెప్పిన టైముకి ముళ్ళు తిప్పి పెట్టాలి. వాళ్ళ గడియారంలో చిన్న ముల్లు అంకె దగ్గరే బిగుసుకుని ఉంటుంది! మూడున్నర అయితే చిన్న ముల్లు మూడుకీ నాలుగుకీ మధ్యలో ఉండాలా వద్దా? నేను మధ్యలో పెడితే తప్పంటుంది. "ఈ గడియారం రిపేరుకి వచ్చింది, ముందు దాన్ని బాగుచెయ్యండి" అన్నాను. అక్కడి కుర్రాడు నవ్వి, పైవాళ్ళకు రాస్తానన్నాడు. రాశాడు కూడా. ఈ వారం ముల్లు సరిగ్గా నడుస్తోంది. నలభై ఏళ్ళలో నేను బాగుచేసిన వాటిల్లో చేత్తో ముట్టుకోనిది అదొక్కటే.

నా మార్కులు ఎనభై. ఇంకా పెరుగుతాయి. పొద్దున్నే దుకాణం తలుపు తీసేముందు ఆడుతున్నాను. కుందేలు నా మాట బాగా వింటోంది. బావను కాచుకోమను.

నాటకం కబురు విని మేమిద్దరం ఎంత మురిసిపోయామో చెప్పలేను. రిహార్సల్స్ చూడటానికి నాలుగు రోజులు వస్తాను, నాకొక చాప వేసి ఉంచు. ఇంతకీ బావ మార్కులు పేజీడు రాశావు. నీవేవీ? నీ జ్ఞాపకశక్తికి నూరు కూడా తక్కువేనే అక్కా, దాచకుండా చెప్పు.

పోటీకి సిద్ధంగా ఉన్న
తమ్ముడు


జూన్ 22

ఒరే,

పుండు మీద కారం చల్లడం నీ దగ్గరే నేర్చుకోవాలి. అడిగావు కాబట్టి చెప్తున్నాను, మరదలికి పైకి చదివి వినిపించకు. నాకు నలభై.

తప్పు చదవలేదు. నలభై. వారం వారం అంతే. దుకాణం ఆట బాగానే వస్తుంది, ముఖాలూ ఫరవాలేదు. ఆ కుందేలు దగ్గరే నా పని గోవిందా. రాళ్ళ వరస నాకు తెలుసురా, కళ్ళు మూసుకుని చెప్పగలను, అయినా చివరికి 'గుర్తులేదు' అని పడుతుంది. ఎందుకో అర్థం కాదు. ఆటల డాక్టరమ్మ పిలిచి, నవ్వుతూనే, "కంగారేం లేదు, ఇంకొన్నాళ్ళు ఆడండి, ఆ తరవాత కావాలంటే డాక్టరుగారితో మాట్లాడదాం" అంది. కంగారేం లేదని ఎవరన్నా అన్నాకే అసలు కంగారు మొదలవుతుంది కదా. ముప్పై నాటకాలు అక్షరం పొల్లుపోకుండా మోసిన బుర్ర ఇది. అందరి మాటలూ నా దగ్గర ఉండేవి. నాకే మాట పోతే ఎవరందిస్తారు?

అంతటితో అయిందా? మీ బావ ఉత్త అమాయకుడు. రిహార్సల్‌లో మా కొత్త దర్శకుడితో, "నాకు తొంభై, మా ఆవిడకు నలభై!" అని సంబరంగా చెప్పేశారు. ఆ దర్శకుడు మంచివాడే. కానీ మర్నాడు నా దగ్గరికి వచ్చి, "అమ్మా, మీరు ముందు వరసలో హాయిగా కూర్చుని చూడండి. ఇప్పుడు చెవిలో పెట్టుకునే చిన్న మిషన్లు వచ్చాయి, లోపలి నుంచి ఎవరైనా చదివేస్తారు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కుర్చీలోంచి లేవమన్న మగాడు ఇంతవరకూ పుట్టలేదు! "ఆలోచిస్తాను" అని మర్యాదగా అని, ఇంటికొచ్చి గిన్నెల మీద చూపించాను.

మీ బావ మాత్రం పెళ్ళికొడుకులా ఉన్నారు. పొద్దున బయటికి వెళ్ళేటప్పుడు గుమ్మంలో నేను "కళ్ళజోడు, తాళం" అని ఒక్క మాట అనడమే ఆలస్యం, అన్నీ ఆయనే వెతుక్కుని తెచ్చుకుంటారు. దారిలో పక్కింటి మాస్టారు కనపడితే, నేను అలా పేరు గొణుగుతానో లేదో, "నమస్కారం!" అని పేరు పెట్టి గట్టిగా పలకరిస్తారు. ఆయన జ్ఞాపకం అలా ఉంటే నాది ఇలా ఏడ్చింది.

తొందరగా రారా. ఆగస్టులో ఆ కుర్చీ నాకుంటుందో ఉండదో తేలేట్టు లేదు.

దిగులుగా ఉన్నా దిగులు లేనట్టు తిరుగుతున్న
అక్క


జూలై 8

అక్కకు,

క్షేమంగా చేరాను. నీ ఇంట్లో నాలుగు రోజులు నాలుగు నిమిషాల్లా గడిచిపోయాయి. రిహార్సల్‌లో బావ "దీపం ఆర్పకండి, ఇంకా ఒకడు రావాలి" అన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఆ గొంతుకి ముసలితనం రాలేదు.

ముందు శుభవార్త. నీ నలభై మార్కుల గుట్టు నాకు తెలిసిపోయింది! రైల్లో కూర్చుని ఒక్కడినే పగలబడి నవ్వుకుంటే ఎదుటి సీటువాళ్ళు జరిగి కూర్చున్నారు. నువ్వు ఆడుతుంటే నీ వెనక నిలబడి చూశాను కదా. రాళ్ళు మెరిశాయి. నీ వేలు సరైన రాయి మీదికే వెళ్ళింది. ఇంతలో కుందేలు ఒక కాలు పైకెత్తింది. నువ్వు చప్పున వేలు వెనక్కి తీసేసుకున్నావు! "ఎందుకాగావు?" అంటే ఏమన్నావో తెలుసా? "ఉండరా, దానికి గుర్తొస్తోంది" అన్నావు.

అక్కా, అది నటుడు కాదు! దానికి ఏమీ గుర్తురాదు! ఊరికే నిలబెడితే బొమ్మ బిగుసుకుపోయినట్టుంటుందని కాలెత్తేట్టు, చెవి గోక్కునేట్టు చేశారంతే. నువ్వేమో అది తనంతట తానే దాటుతుందేమోనని మర్యాదగా ఆగుతున్నావు. ఈలోగా టైమైపోతోంది, నీకు గుర్తులేదని అది రాసుకుంటోంది. దానికి అవకాశం ఇవ్వకు. మెరవగానే ముట్టుకో. ఈ సంగతి ఆటల డాక్టరమ్మకు కూడా చెప్పు.

ఇంకో మాట. బావను కూడా ఒకసారి ఒంటరిగా ఆడనివ్వు. నువ్వు ఆ గదిలో ఉండకు. వంటింట్లో కూడా ఉండకు, మేడ మీదికి వెళ్ళిపో. ఎందుకని అడక్కు, నేను చెప్పానని చెయ్యి.

మీ మరదలు నిన్ను అడిగానని చెప్పమంది.

తమ్ముడు


జూలై 15

కుందేళ్ళ మర్మం విప్పిన మహానుభావుడికి,

తొంభై రెండు! నాకు తొంభై రెండు! చూశావా!

నీ ఉత్తరం చదివి, నెత్తిన చెయ్యి పెట్టుకుని, నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు తుడుచుకుని ట్యాబ్ తీశాను. కాలెత్తితే ఎత్తుకోనీ, చెవి గోక్కుంటే గోక్కోనీ అని రాళ్ళ మీద టకటకా వేలు ఆడించాను. కుందేలు గాల్లో తేలుతూ పోయింది. క్లినిక్‌కి వెళ్ళి ఆటల డాక్టరమ్మకు నా జబ్బు ప్రాంప్టింగ్ అని చెప్తే ఆ పిల్ల టేబుల్ మీద తల పెట్టుకుని నవ్వింది. తరవాత తన పైవాళ్ళకు ఫోన్ చేసి, కుందేలు కదలకుండా నిలబడే ఆట కూడా ఒకటి తయారుచేసి పోల్చి చూడాలని ఎంత ఉత్సాహంగా చెప్పిందో! "ఆడేవాళ్ళ పని అలవాట్లు కూడా మేం చూసుకోవాలని మీవల్లే తట్టింది" అంది. దర్శకుడు స్వయంగా వచ్చి నా కుర్చీకి కొత్త గుడ్డ కుట్టించి వెళ్ళాడు. ఎడమ వింగ్ నాదే! ఎవరితోనైనా చెప్పాలని నిన్న పాలవాడిక్కూడా చెప్పాను.

సంతోషం అయిపోయింది, ఇక తిట్లు. ఆ రెండో మాటేమిట్రా? మీ బావ ఆడుతుంటే నేను గదిలో ఉండకూడదా? వంటింట్లో కూడా ఉండకూడదా? నా నలభై ఆయనకు అంటుకుంటుందనా? పైగా 'ఎందుకని అడక్కు' అట! నాకు తెలుసులే. నీకు ఎనభై ఐదు దాటట్లేదు, బావకు తొంభై. చిన్నప్పుడు కూడా గోళీల్లో ఓడిపోతే "అక్కా, నువ్వు పక్కనుంటే నాకు కుదరదు" అని నన్ను తరిమేవాడివి. ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆయన ఆడేటప్పుడు నా నోటికి తాళమే ఉంటుంది, నువ్వేం బెంగపడకు.

మరదలికి మాత్రం ఆశీస్సులు.

అక్క


జూలై 20

అక్కా,

తిట్టు, పడతాను. చెప్పాల్సింది తిన్నగా చెప్పకుండా డొంకతిరుగుడుగా రాసినందుకు ఆ మాత్రం పడాలి. ఇప్పుడు తిన్నగా రాస్తున్నాను. తలుపు వేసుకుని ఒక్కదానివే చదువు.

నేనక్కడున్నప్పుడు నువ్వొక మధ్యాహ్నం సరంగు కోటు తేవడానికని దర్జీ దగ్గరికి వెళ్ళావు. నేనూ, బావా ఇంట్లో ఉన్నాం. "ఏదీ, పోటీ!" అని నేనే సరదాగా ట్యాబ్ తెచ్చాను. దుకాణం ఆట పెట్టాం. బావ సామాను చూశాడు, తల ఊపాడు, కాసేపు నాతో కబుర్లాడాడు. ఇక బుట్టలో వెయ్యమని అడిగింది. బావ ఎడమవైపు చూశాడు.

నీ కుర్చీ ఖాళీగా ఉంది.

"అక్క ఏదిరా?" అన్నాడు. దర్జీ దగ్గరికి వెళ్ళిందన్నాను. "ఆఁ, అవును" అని మళ్ళీ ట్యాబ్ చూశాడు, మళ్ళీ ఎడమకు చూశాడు, మళ్ళీ "అక్క ఏదిరా?" అన్నాడు. అలా ఆట అయ్యేదాకా. బుట్టలో ఒక్క వస్తువూ పడలేదు. చివరికి, "ఇవాళ మిషన్ బాగాలేదు" అని నవ్వాడు. నువ్వు తిరిగొచ్చాక నీ పక్కన కూర్చుని మళ్ళీ ఆడాడు, అన్నీ చకచకా వేసేశాడు. అప్పుడు నేను ట్యాబ్ చూడలేదు, నిన్ను చూశాను. నీ పెదవులు కదులుతున్నాయి అక్కా. చప్పుడు లేదు, గాలి కూడా లేదు. నీకు తెలియకుండానే కదులుతున్నాయి. బావ వాటినే చదువుతున్నాడు. ఆయనకీ తెలియదు, ఎందుకంటే మీ ఇద్దరికీ అదే జీవితం.

కళ్ళజోడు, తాళం, పక్కింటి మాస్టారి పేరు... ఇంకా ఏవేవి అందిస్తున్నావో నువ్వే చూసుకో.

అక్కా, అసూయ కాదు. నేనిక మార్కులు చెప్పను, పోటీ మానేశాను. నువ్వు అనవసరంగా భయపడ్డావు, నీకేమీ లేదు. భయపడాల్సిన చోట మాత్రం మనం చప్పట్లు కొట్టాం. ఆ ఆట ఎందుకు ఇచ్చారో దాని పని దాన్ని చెయ్యనివ్వు. ఆటల డాక్టరమ్మకు చెప్పు. తేడా ఉంటే ముందుగా పసిగట్టడానికే ఆ ఆటలని నువ్వే నాకు మొదటి ఉత్తరంలో రాశావు.

కోపమొస్తే మళ్ళీ తిట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

నీ తమ్ముడు


ఆగస్టు 2

తమ్ముడూ,

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. మొదట కోపంతో, తరవాత భయంతో, ఆ తరవాత తీరిక లేక. వరసగా చెప్తాను.

నీ ఉత్తరం చదివి ముక్కలు చేసి పారేశాను. మర్నాడు పొద్దున, నీ మాట అబద్ధమని తేల్చడానికి, లేస్తూనే నోటినిండా నీళ్ళు పోసుకున్నాను. పెదవి కదిలితే నీళ్ళు కారతాయి కదా, చూద్దాం అనుకున్నాను. మీ బావ తువ్వాలు భుజాన వేసుకుని వచ్చారు. గుమ్మంలో నిలబడ్డారు. "నేనెందుకొచ్చాను ఇటు?" అన్నారు. నా గడ్డం మీదుగా నీళ్ళు కారిపోయాయిరా. నేను 'స్నానానికి' అనబోయానని అప్పుడు తెలిసింది. మళ్ళీ పోసుకున్నాను. కళ్ళజోడు దగ్గర కారాయి. మందుల దగ్గర కారాయి. పేపరు చదివేచోట కారాయి. చీర ముందు భాగమంతా తడిసిపోయింది. ఆఖరికి గట్టిగా పెదవి బిగించి కూర్చున్నాను. ఆయన నావైపు చూశారు, ఆ ఎడమ చూపు. జనం దాన్ని ఠీవి అనేవాళ్ళు, నేను నా కోసమనుకుని మురిసిపోయేదాన్ని. ఆ పొద్దున అది ఉత్త భయంరా తమ్ముడూ. నీళ్ళు మింగేసి బావురుమన్నాను.

దాచి ఏం చెయ్యను, అంతా చెప్పేశాను ఆయనకు. తరవాత ఏమన్నారో విను. "అయితే ఆ తొంభై నీవన్నమాట! ఇన్నేళ్ళూ నాకు పడ్డ చప్పట్లలో సగం నీవేగా, కొత్తేముంది?" అని నా తల నిమిరి, "పద, ఆ అమ్మాయి దగ్గరికి పోదాం" అని తనే చెప్పులు వేసుకున్నారు.

క్లినిక్‌లో ఆయన్ని ఒంటరిగా ఒక గదిలో కూర్చోబెట్టి ఆడించారు. నేను వీధిలోకి పోయి నిలబడ్డాను, గోడ ఉన్నా నా నోటిమీద నాకు నమ్మకం లేక. ఆటల డాక్టరమ్మ మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. పాత మార్కులన్నీ పక్కన పెట్టి, మళ్ళీ మొదటి నుంచి ఆడించి, డాక్టరుగారికి చూపించింది. డాక్టరుగారు రక్తపరీక్షలు, చెవులు, నిద్ర, వాడే మందులు, అన్నీ చూస్తున్నారు. ఇంకా పేరేమీ పెట్టలేదు. ఉన్న తేడా నిజమేనట, కానీ మొదట్లోనే ఉన్నామట, చెయ్యగలిగింది చాలా ఉందట. మొదట్లోనే! నువ్వు ఆ ఉత్తరం రాయకపోతే నేను ఇంకో రెండేళ్ళు హాయిగా అందిస్తూ కూర్చునేదాన్ని.

ఇంతకీ ఆటల డాక్టరమ్మ నాకు చెప్పిన మొదటి మందేమిటో ఊహించు. ఆగమంది! "మీరు వెంటనే చెప్పేస్తే ఆయన వెతుక్కునే అవకాశం పోతుందమ్మా. కాస్త ఆగండి. రాకపోతే మొదటి అక్షరం అందించండి. అప్పటికీ రాకపోతే మాట చెప్పండి" అంది. నాకు! ఆగడం నాకు నేర్పుతోంది! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రంగం మీద ఆయన ఎంతసేపు ఆగినా నేను నిబ్బరంగా ఉండేదాన్ని. ఇంట్లో ఆయన ఒక్క క్షణం తడబడితే నా ప్రాణం ఉసూరుమంటుంది, అందుకే ఆయన అడగకముందే అనేస్తున్నాను. కుందేలుకిచ్చిన అవకాశం మొగుడికివ్వలేదు చూడు!

దర్శకుడికి కూడా చెప్పాం. వేరేవాళ్ళను పెట్టమని నేనే అన్నాను, ఆయన నలుగురిలో నవ్వులపాలు కాకూడదని. దర్శకుడు చెవి మిషన్ పెడదామన్నాడు. మీ బావ లేచి నిలబడి సరంగు గొంతుతో, "చెవిలో ఎవడో గొణుగుతుంటే దోమ అనుకుని కొట్టుకుంటాను. నాకు ఎడమవైపు ఆవిడ కావాలి, అంతే" అన్నారు. ఇంకేం! నాటకం ఉంది! నాకు భయం భయంగా, ఉత్సాహం ఉత్సాహంగా ఉంది. మీరిద్దరూ రావాలి. ముందు వరసలో సీట్లు పట్టించాను.

నిన్ను తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను, గోళీల సంగతి తప్ప.

మీ అక్క


ఆగస్టు 10

అక్కకు, సరంగుగారికి నమస్కారాలు.

ఉత్తరం చదివి మీ మరదలూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏడ్చాం, ఆ తరవాత నీ నీళ్ళ పుక్కిలింత తలుచుకుని నవ్వాం. ఆమె కంటి ఆపరేషన్ సరిగ్గా నాటకం రోజే పడింది, వాయిదా వెయ్యడానికి డాక్టరు ఒప్పుకోలేదు. రాలేకపోతున్నందుకు నా ప్రాణం కొట్టుకుంటోంది. ఒక్క క్షణం కూడా వదలకుండా రాయి. బావ ఎక్కడైనా ఆగితే, ఆగాడని రాయి. ఆపరేషన్ గది బయట కూర్చుని నాటకం వేళకి గడియారం చూసుకుంటూ ఉంటాను. ఆ రోజు నా గడియారం తప్పు చూపించదు.

తమ్ముడు


ఆగస్టు 24

ఒరే తమ్ముడూ, ఒరే!

ముందు మరదలి కన్ను ఎలా ఉందో రాయి. ఇప్పుడు విను.

హాలు కిటకిటలాడింది! పాతవాళ్ళు, వాళ్ళ పిల్లలు, మనవలు, మెట్ల మీద కూడా జనం. ఆటల డాక్టరమ్మ రెండో వరసలో కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. తెర లేచింది. మీ బావ నీలం కోటు వేసుకుని, లాంతరు పట్టుకుని వచ్చారు. మొదటి రంగం నదిలా పోయింది. పాత మాటలురా, అవి ఎముకల్లో ఉన్నాయి. రెండో రంగంలో ఒకచోట నిజంగానే తప్పిపోయారు. ఆగాను. వస్తుందేమోనని ఇంకా ఆగాను. ఆయన చేతిలో లాంతరు ఊగింది. అప్పుడు మొదటి అక్షరం అందించాను. అందుకున్నారు! మిగతాదంతా దొర్లుకుంటూ వచ్చేసింది.

ఆఖరి రంగం. ఓడ మునిగిపోతోంది, అందరూ దీపం ఆర్పి పడవెక్కమంటున్నారు. మీ బావ నడిమధ్యకు వచ్చి నిలబడ్డారు. ఎడమకు చూశారు. ఒక్క మాటా లేదు. హాలంతా ఊపిరి బిగబట్టింది. దర్శకుడు కుడి వింగ్‌లోంచి నాకు చేతులు ఊపేస్తున్నాడు, అందించు అందించు అని. నా నాలుక చివర ఉంది మాట. ఆయన కళ్ళలోకి చూశానురా. ఆ పొద్దున చూసిన భయం లేదు అందులో. అది మరుపు కాదు, నటన! పుస్తకం మూసేశాను. మూసేసి ఒళ్ళో పెట్టుకున్నాను. అది చూసి ఆయన నవ్వారు, అటు తిరిగి, "దీపం ఆర్పకండి. ఇంకా ఒకడు రావాలి" అన్నారు. ఇక చప్పట్లు! హాలు పడగొట్టడానికి వేరే మనుషులు అక్కర్లేదనిపించింది.

ఇంతటితో ఆపుదామనుకున్నాను కానీ అసలుది ఇంకా రాయలేదు.

ఎండ ఇంకా ఉంది. మేమిద్దరం నడిచే ఇంటికి బయలుదేరాం. ఆయన మొహానికి ఇంకా రంగు అక్కడక్కడా ఉంది. దారి పొడుగునా మాటలే మాటలు. బేకరీ దాటాక రోడ్డు రెండుగా చీలుతుంది చూడు, అక్కడ ఆయన టక్కున ఆగిపోయారు. అటు చూశారు, ఇటు చూశారు. ఎడమకు తిరిగి నన్ను చూశారు. ఈసారి నటన కాదు. నలభై ఏళ్ళుగా నడుస్తున్న దారి అది. నా పెదవులు అప్పటికే తెరుచుకున్నాయి. నీళ్ళు పోసుకోవడానికి కూడా లేవు. పళ్ళతో పెదవి కరిచి పట్టుకున్నాను. ఒక బస్సు పోయింది. వెనకాల ఎవరో తప్పుకోమని బెల్లు కొట్టారు. అయినా ఆగాను. మొదటి అక్షరం కూడా ఇవ్వలేదు.

ఆయన చెయ్యెత్తి, మూలనున్న మందుల దుకాణాన్ని చూపించి, "దాని పక్కనుంచి. కుడికి. కదూ?" అన్నారు.

నడిరోడ్డు మీద నిలబడి చప్పట్లు కొట్టానురా తమ్ముడూ. జనం ఆగి చూస్తే చూశారు. రేపు ఇంకో మలుపు దగ్గర ఆ దారి దొరక్కపోవచ్చు, అది నాకు తెలుసు. అప్పుడు అందించడానికి ఎడమపక్కనే ఉన్నానుగా. ఇవాళ్టికి మాత్రం ఇల్లు ఆయనే వెతుక్కున్నారు, నేను వెనకాల నడిచాను.

చేతులు ఇంకా ఎర్రగా ఉన్న
మీ అక్క